అమెరికా అంతర్యుద్ధంలో రౌతు బతుకు నిజంగా సుఖమా?

పాతపటం:
అందరికీ నమస్కారం. 1861 నుంచి 1865 దాకా జరిగిన అమెరికా అంతర్యుద్ధం గురించి చదువుతుంటే ఒక ఎత్తిపొడుపు మాటిమాటికీ ఎదురవుతోంది: "చచ్చిన రౌతును ఎవరైనా చూశారా?" కాల్బలం సిపాయిలు గుర్రాల మీద పోయేవాళ్లను చూసి అన్న మాట ఇది. తొలి రెండేళ్లు ఉత్తరాది సైన్యంలో, అంటే లింకన్ ప్రభుత్వం వైపు, రౌతులను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి కాపలాలకు, ఉత్తరాలు చేరవేయడానికి, జనరళ్ల వెంట తిరగడానికి వాడుకున్నారు. ఆ మాట అలా పుట్టింది. నాకు తెలియాల్సింది పోరు లేని మామూలు రోజు సంగతి. ఎవరికి ఎక్కువ కష్టం? నడిచేవాడికా, ఎక్కేవాడికా?

కాలిబాట:
ఇందులో చర్చించడానికేముంది? పదిహేడేళ్లు పదాతి దళంలో చేసినవాణ్ని. మూట, తుపాకీ, గుండ్లు, నీళ్లు, దుప్పటి, అన్నీ వీపు మీదే. ఆ రోజుల్లోనూ అంతే. రౌతు సామాను గుర్రం మోసింది, రౌతును కూడా అదే మోసింది. ఉత్తరాదిలో ఇద్దరికీ నెలకు 13 డాలర్లే, 1864లో 16 చేశారు. ఇద్దరికీ అదే రాయిలాంటి బిస్కెట్, అదే ఉప్పు పంది మాంసం, అదే కాఫీ. ఒకడు నడిచాడు, ఒకడు కూర్చున్నాడు. అంతే తేడా.

జీనుదుప్పటి:
"కూర్చున్నాడు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను అన్నగారూ. నేను ఆరేళ్లు ఒక స్వారీ బడిలో గుర్రాల పని చేశాను. అక్కడ జీను వేసే ముందు దుప్పటి కింద అరచెయ్యి పెట్టి వెన్ను పొడవునా నిమరమని నేర్పారు. ఒక్క మడత, ఒక్క గడ్డిపరక చేతికి తగిలినా మొత్తం తీసి మళ్లీ పరవాలి. ఒకరోజు తొందరలో నేను నిమరలేదు. సాయంత్రం జీను తీస్తే రూపాయి బిళ్లంత మేర వెంట్రుక లేచిపోయి ఉంది. నాలుగో రోజుకు చీము పట్టింది. మూడు వారాలు ఆ గుర్రం మీద ఎవరూ ఎక్కలేకపోయారు.

అది శిక్షణ బడిలో, ఎండ లేని శాలలో. ఇక వర్జీనియాలో వానలో, బురదలో, రాత్రిళ్లు జీను దించకుండా తిరిగిన రౌతు సంగతి ఆలోచించండి. తెల్లవారుజామున బూర ఊదగానే హాజరు. ఆ వెంటనే గుర్రాల దగ్గరికి రమ్మని ఇంకో బూర. దాణా పెట్టి, ఇనుప దువ్వెనతో దువ్వి, డెక్కల్లో రాళ్లు ఏరి, ఆ తర్వాతే తన కాఫీ. మళ్లీ నీళ్లకు తీసుకెళ్లడం, కవాతు. సాయంత్రం మళ్లీ అదే మాలీసు, అదే దాణా. ఉత్తరాది లెక్క ప్రకారం ఒక గుర్రానికి రోజుకు 14 పౌండ్ల ఎండుగడ్డి, 12 పౌండ్ల గింజలు. అంటే దాదాపు 12 కిలోలు. వంద గుర్రాలకు లెక్క వేయండి. దండు కదిలి పోతున్నప్పుడు బండ్లు వెనకపడితే ఆ మేత ఎవడు వెతకాలి? రౌతే.

కాలిబాట:
చెల్లెమ్మా, పని లేదని నేను అనలేదు. ఆ మాలీసు రెండు గంటల పని. నడక పది గంటలు. పైగా గుర్రం ఉన్నవాడు దూరంగా ఉన్న పొలాల దాకా పోయి కోడో పందో పట్టుకొచ్చి కడుపునిండా తిన్నాడు. నడిచేవాడు చేరేసరికి కోళ్లగూడు ఖాళీ.

ఊరికే_చదువుతా:
రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు. ఈ చర్చా అలాగే నడుస్తోంది.

రెండుచక్రాలు:
దక్షిణాది, అంటే విడిపోయిన బానిస రాష్ట్రాల కాన్ఫెడరేట్ ప్రభుత్వం, దాని రౌతు గురించి ఎవరూ మాట్లాడరేం? అక్కడ గుర్రం ప్రభుత్వం ఇవ్వలేదు. ఎవడి గుర్రం వాడే తెచ్చుకోవాలి. దాని వాడకానికి రోజుకు 40 సెంట్లు ఇచ్చారు. చేరిన రోజున గుర్రానికి వెల కట్టి పుస్తకంలో రాసుకున్నారు. పోరులో తూటా తగిలి చస్తే ఆ వెల ఇస్తారు. రోగమొచ్చి చచ్చినా, కుంటిదైనా, అరిగిపోయినా పైసా రాదు. ఆ లోపు కాన్ఫెడరేట్ నోటు విలువ కరిగిపోయి గుర్రం ధర వేలల్లోకి పోయింది, పుస్తకంలో మాత్రం పాత వెలే. కొత్త గుర్రం తెచ్చుకోలేనివాణ్ని కాల్బలంలోకి తోసేశారు.

ఇది నాకు పుస్తకంలో సంగతి కాదు. నేను సొంత బండి మీద సరుకులు చేరవేసే పని చేశాను. సంస్థ పేరు చెప్పను. క్లచ్ ప్లేట్లు పోయి పదకొండు రోజులు బండి షెడ్డులో ఉంటే "బండి నీది కదా" అన్నారు. ఆ పదకొండు రోజులూ ఒక్క రూపాయి లేదు. పని వాళ్లది, లాభం వాళ్లది, అరుగుదల నాది. ఆ 40 సెంట్లు చదవగానే నాకు నా బండే కనిపించింది.

కాలిబాట:
40 సెంట్లంటే నెలకు 12 డాలర్లు తమ్ముడూ. దక్షిణాది రౌతు జీతమూ 12 డాలర్లే. అంటే రెట్టింపు జీతం. కాల్బలం వాడికి 11. దీన్ని కష్టమంటారా?

రెండుచక్రాలు:
అది జీతం కాదు, అరుగుదల డబ్బు. గుర్రం పడిపోయిన రోజున ఆ 40 సెంట్లూ ఆగిపోతాయి. ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.

కాలిబాట:
గుర్రం పోతే కొత్తది తెచ్చుకోమని ఇంటికి సెలవు ఇచ్చారు. నెల రోజులు అమ్మ చేతి తిండి. కాల్బలం వాడికి బూట్లు చిరిగితే ఇంటికి పంపారా? వట్టి కాళ్లతో నడిపించారు.

పాతపటం:
ఇద్దరికీ ఒక మాట. 1862 అక్టోబరులో ఉత్తరాది గుర్రాలకు నోటి పుండ్లు, కాళ్ల రోగం పట్టుకుని వేలల్లో పనికిరాకుండా పోయాయి. సేనాని మెక్‌లెల్లన్ గుర్రాలు అలసిపోయాయని రాస్తే, అంటీటమ్ పోరు తర్వాత అవి అలసిపోయేంత పని ఏం చేశాయని లింకన్ తంతి కొట్టాడు. గుర్రం కష్టం దేశాధ్యక్షుడికే అర్థం కాలేదు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఉత్తరాది రౌతుల నాయకుడు గ్రియర్సన్ 1,700 మందితో టెనెస్సీలోని లాగ్రాంజ్‌లో బయల్దేరి 16 రోజుల్లో దాదాపు 600 మైళ్లు తిరిగి లూజియానాలోని బేటన్ రూజ్ చేరాడు. చివరికొచ్చేసరికి జీను మీదే నిద్రపోయారు. దాన్ని కూర్చోవడం అనగలమా?

కాలిబాట:
అనగలను. గెటిస్‌బర్గ్ పోరులో మొదటి రోజు ఉత్తరాది రౌతుల సేనాని బ్యూఫర్డ్ మనుషులు గుర్రాలు దిగే పోరాడారు, ఒప్పుకుంటాను. కానీ దిగినప్పుడల్లా నలుగురిలో ఒకడు వెనక గుర్రాలు పట్టుకుని నిలబడ్డాడు. కాల్బలంలో అలా నిలబడే నాలుగోవాడు లేడు. బండి మీద సరుకులిచ్చి వచ్చినవాళ్లు సిపాయి కష్టం గురించి నాకు చెప్పనక్కర్లేదు.

రెండుచక్రాలు:
ఇంతసేపూ మీరు మీరు అన్నాను. నీకు పింఛను వస్తుంది, మోకాలు నొప్పెడితే ఆసుపత్రి ఉంది. నాకేముంది? నా కష్టాన్ని తక్కువ చేసే హక్కు నీకెవరిచ్చారు?

కాలిబాట:
మోకాళ్లు రెండూ పోయాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. గుర్రం మీదున్నవాడికే విగ్రహం, వాడి మీదే పాటలు. నడిచినవాడి కాళ్లను ఎవరు లెక్కపెట్టారు? నా బాధ అది. ఆ ఎత్తిపొడుపు ఉక్రోషంతోనే పుట్టింది, నాకు తెలుసు.

నల్లసిరా:
ఇప్పటికి అసలు సంగతి బయటికొచ్చింది. ఒకరు అరిగిన కాళ్లు లెక్కపెడుతున్నారు, ఒకరు అరిగిన బండి. నాకు మొదటి నుంచీ కడుపు మండుతున్నది వేరే దానికి. దక్షిణాదిలో స్తోమత ఉన్న రౌతు, ముఖ్యంగా అధికారి, తన బానిసను వెంట తెచ్చుకున్నాడు. వంట అతనే, ఆ గుర్రానికి మాలీసు అతనే. అతనికి 40 సెంట్లు లేవు, వెల కట్టి పుస్తకంలో రాసిన గుర్రం లేదు. వెల కట్టింది అతనికే. 1860 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు 40 లక్షల మంది. రెండుచక్రాలు గారూ, ఆ పద్ధతిని నిలబెట్టడానికి గుర్రమెక్కినవాడి మీద జాలిపడమంటారా?

రెండుచక్రాలు:
జాలిపడమనలేదు. వాడి పక్షం న్యాయమైనదని ఎక్కడా అనలేదు. సొంత పనిముట్టు తెమ్మని చెప్పి అరుగుదల వాడి నెత్తిన వేసే లెక్క గురించి చెప్పాను. కానీ వాడి గుర్రాన్ని ఎవరు కడిగారో నేను ఆలోచించలేదు. అది నిజం.

నల్లసిరా:
ఇంకొకటి. ఉత్తరాదిలో 5వ మసాచుసెట్స్ అశ్వికదళం నల్లజాతి సిపాయిలది. రౌతులుగా చేర్చుకుని, 1864 జూన్‌లో పీటర్స్‌బర్గ్ దగ్గర కాలినడకనే పోరులోకి దింపారు. ఆ తర్వాత పాయింట్ లుకౌట్ అనే శిబిరంలో యుద్ధ ఖైదీలకు కాపలా పెట్టారు. అప్పటిదాకా నల్లజాతి సిపాయికి నెలకు 10 డాలర్లు, అందులో బట్టలకు 3 కోసి చేతికి 7. సమాన జీతం చట్టం ఆ జూన్‌లోనే వచ్చింది. కాలిబాట గారూ, వీళ్లను ఏ వరుసలో వేస్తారు? ఎక్కినవాళ్లలోనా, నడిచినవాళ్లలోనా?

కాలిబాట:
నడిచినవాళ్లలో. సందేహమే లేదు. తమ్ముడూ, బండి గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది అనకూడదు.

జీనుదుప్పటి:
1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయినప్పుడు, గుర్రాలు సిపాయిల సొంతమని తెలుసుకుని ఉత్తరాది సేనాని గ్రాంట్ వాటిని ఇంటికి తీసుకుపోనిచ్చాడు. వసంతం పంట వేసుకోవాలి కదా అని. మేత లేక ఎముకలు తేలిన ఆ గుర్రాలు వెంటనే నాగలి లాగగలిగాయా అని నాకు అనుమానం. అలాంటి వెన్ను మీద నెలలపాటు ఏ బరువూ పెట్టకూడదు.

కాలిబాట:
కాల్బలం వాళ్లు ఇంటికీ నడిచే పోయారు. అది కూడా రాసుకోండి.

రెండుచక్రాలు:
రాసుకున్నాను అన్నా. గుర్రం కుంటిదైన రోజు నుంచి 40 సెంట్లు ఎవరివ్వాలో అది మాత్రం ఇంకా చెప్పలేదు మీరు.