ఏడేళ్ళ పిల్లాణ్ణి ఆశ్రమ గురుకులంలో వెయ్యాలా, ఇంట్లోనే ఉంచుకోవాలా?

మియాపూర్ అమ్మ:
హరే కృష్ణ. నెల రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. ఇక్కడ భక్తుల కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను. మేం జపమాల పట్టుకుని తొమ్మిదేళ్ళయింది, బాబుకి మొన్న ఏడు నిండాయి, అంటే వాడు పుట్టిందే ఈ వాతావరణంలో. మృదంగం మీద చెయ్యి బాగా తిరుగుతుంది, నృసింహ ప్రార్థన నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మా వారికి వాణ్ణి వేరే రాష్ట్రంలో ఉన్న ఒక గురుకులంలో వెయ్యాలని ఉంది. పొద్దున్న నాలుగున్నరకి మంగళ హారతి, తర్వాత జపం, సంస్కృతం, ఆ తర్వాత మామూలు చదువు. ఇంటికి పంపేది ఏడాదికి రెండుసార్లు, ఫోను వారానికి పది నిమిషాలు. మా అత్తగారేమో "పిల్లాణ్ణి సన్యాసుల్లో కలిపేస్తారా" అని రెండు రోజులు అన్నం మానేశారు (ఆవిడ ఏకాదశి మాత్రం ఒక్కటీ ఉండరు, అది వేరే కథ). నాకు గురుకులమంటే వ్యతిరేకత లేదు. కానీ వాడు ఇప్పటికీ నా కొంగు పట్టుకునే పడుకుంటాడు. అది నా మమకారం అంటారు మా వారు. ఏమో, నాకు తెలియడం లేదు.

రథం తాడు:
మాతాజీ, ప్రణామాలు. మా అబ్బాయిలిద్దరూ గురుకులంలోనే చదివారు, పెద్దాడిప్పుడు ఉద్యోగం చేసుకుంటూ రోజూ పదహారు మాలల జపమూ చేస్తున్నాడు. మన రెండు రాష్ట్రాల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ పేరు చెప్పి పిల్లల్ని కార్పొరేట్ హాస్టళ్ళలో పడేస్తుంటే ఎవరూ అన్నం మానెయ్యరు, స్వీట్లు పంచుతారు. భగవంతుడి పేరు చెప్పి పంపితేనే అందరికీ ప్రేమ గుర్తొస్తుంది. ఇంట్లో ఉంటే ఏం నేర్చుకుంటాడు, సెల్‌ఫోను తప్ప? "లాలయేత్ పంచ వర్షాణి, దశ వర్షాణి తాడయేత్" అన్నారు. అయిదేళ్ళ దాకా ముద్దు, ఆ తర్వాత పదేళ్ళు క్రమశిక్షణ. మీవాడికి ఏడు, ఇప్పటికే రెండేళ్ళు ఆలస్యం.

డాలస్ పిన్ని:
ఆ పదేళ్ళకి శ్లోకంలో ఉన్న మాట క్రమశిక్షణ కాదండీ, "తాడయేత్", అంటే కొట్టమని. మీరు మెత్తగా అనువదించారు.

నేను డాలస్ పక్కన ఉంటాను, ఆదివారాలు మేం వెళ్ళే గుడి అక్కడి రాధా కాలాచంద్‌జీ మందిరం. ఇస్కాన్ (మన హరే కృష్ణ సంస్థ) మొదటి గురుకులం 1971లో పెట్టింది డాలస్‌లోనే, ఆ సంగతి మన తెలుగువాళ్ళలో చాలామందికి తెలియదు, నాకూ వచ్చిన నాలుగేళ్ళకి గానీ తెలియలేదు. అయిదేళ్ళ పిల్లల్ని అక్కడ వదిలేసి తల్లిదండ్రులు సంస్థ పుస్తకాలు పంచడానికి ఊళ్ళు తిరిగేవాళ్ళు. పిల్లల్ని చూసుకునే పని చాలాసార్లు శిక్షణ లేనివాళ్ళకి, వేరే సేవలో కుదరనివాళ్ళకి పడింది. 1976లో ఆ బడి మూతపడింది, పిల్లలు వేరే బడులకి వెళ్ళారు, బృందావనంలో పెట్టినదానికి కూడా. వాళ్ళు పెద్దవాళ్ళయి నోరు విప్పాక, 1998లో ఇస్కాన్ సొంత పత్రికలోనే 1971 నుంచి 1986 దాకా పిల్లల మీద జరిగిన హింస గురించి పరిశోధన వ్యాసం వేశారు. 2000లో డాలస్ కోర్టులో 44 మంది దావా వేశారు. 2005లో 95 లక్షల డాలర్ల పరిహారంతో అది తేలింది, అప్పటికి బాధితుల సంఖ్య అయిదు వందలు దాటింది. పిల్లల్ని అసలు కొట్టకూడదు, బెత్తం చూపిస్తే చాలు అని ఇస్కాన్ స్థాపకులు ప్రభుపాదులవారు ఉత్తరంలో రాశారు. ఆయన మాటని తలమీద పెట్టుకున్నవాళ్ళే ఆ ఒక్క మాట దగ్గర చెవులు మూసుకున్నారు.

రథం తాడు:
పిన్నిగారూ, అది యాభై ఏళ్ళ కిందటి విదేశాల కథ. అప్పుడు చేరినవాళ్ళంతా పాతికేళ్ళ కుర్రాళ్ళు, పిల్లల పెంపకం ఏం తెలుసు వాళ్ళకి? సంస్థ ఆ తప్పు ఒప్పుకుంది, పిల్లల రక్షణకి విడిగా కార్యాలయం పెట్టింది. దాన్ని పట్టుకుని ఈ రోజు గురుకులాలన్నిటినీ అనడం న్యాయమా?

డాలస్ పిన్ని:
అన్నిటినీ అనడం లేదు. నేను ఇప్పటికీ ఆ గుడికే వెళ్తాను, మా అమ్మాయి ఆదివారం బడిలో భగవద్గీత చదువుతుంది, మిగతా రోజులు మామూలు బడి. గొడవంతా దూరం గురించి. అప్పుడు అమ్మానాన్నలకి తెలియకపోవడానికి కారణం దేశం కాదు, వాళ్ళు దగ్గర లేకపోవడం.

గోదారి గట్టు:
నేను చదివాను అలాంటి చోట. పేరు చెప్పను. ఎనిమిదో ఏట వేశారు. మొదటి ఏడాది పక్క తడిపేవాణ్ణి, ఆ దుప్పటి అందరి ముందూ నాచేతే ఉతికించేవాళ్ళు, అది "అహంకారం పోవడానికి" అట. ఎనిమిదేళ్ళవాడికి అహంకారం ఎక్కడుంటుందో! కొట్టడం తక్కువే, అబద్ధం చెప్పకూడదు. అక్కడే వంట ప్రభూజీ (భక్తుల్ని అలాగే పిలుస్తాం) ఒకాయన ఉండేవారు, జ్వరమొస్తే తన చాప మీద పడుకోబెట్టుకుని మిరియాల చారు పోసేవారు, దగ్గర కూర్చుని పాట పాడుతూ బియ్యంలో రాళ్ళు ఏరేవారు. నాకు భక్తి అంటూ ఏమైనా అంటుకుంటే అది ఆ వంటింట్లోనే, క్లాసులో కాదు. ఇప్పుడు నేను మాల చెయ్యను. ఆయన గుర్తొస్తే మాత్రం నోట్లో నామం ఆడుతుంది.

అక్కా, ఒక్క సంగతి. ఫోనులో నేను ప్రతివారం "బాగున్నాను అమ్మా" అనేవాణ్ణి. పక్కన వార్డెన్ నిలబడేవాడు. మా అమ్మ ఇప్పటికీ ఆ మాటే తలుచుకుని బాధపడుతుంది, నువ్వు బాగున్నానన్నావు కదరా అని. మీరు పంపినా పంపకపోయినా ముందు ఆ ఫోను దగ్గర ఎవరుంటారో అడగండి.

ప్లీడర్ బాబాయ్:
చట్టం సంగతి కొంచెం చెప్తాను. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. కానీ 2012 సవరణతో వేద పాఠశాలల్నీ, మదర్సాల్నీ, ప్రధానంగా మత బోధన చేసే సంస్థల్నీ ఆ చట్టం నుంచి తప్పించారు. దీన్ని చూసి కొందరు నిర్వాహకులు తమకి ఏ చట్టమూ వర్తించదనుకుంటారు, అది తప్పు. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్ళు హింసిస్తే అయిదేళ్ళ దాకా జైలు. లైంగిక వేధింపు జరిగిందని తెలిసి కూడా ఫిర్యాదు చెయ్యకపోవడం పోక్సో (పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) కింద నేరం, "మన సంస్థ పరువు" అనే మాట అక్కడ చెల్లదు. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 గోడ మీద రాసి ఉందో లేదో వెళ్ళినప్పుడు చూడండి. ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

అటుకుల మూట:
ఇంత చర్చలో కృష్ణుణ్ణే మర్చిపోయారు. ఆయన పదకొండేళ్ళ దాకా యశోద దగ్గరే ఉన్నాడు. కంసుడు పోయి, ఉపనయనం అయ్యాక గురువు సాందీపని దగ్గరికి వెళ్ళాడు, అక్కడున్నది 64 రోజులు! అరవై నాలుగు విద్యలూ ఆ రోజుల్లోనే వచ్చేశాయి, సరే, మన పిల్లలకి అంత వేగం కుదరదు అనుకోండి. వెన్న దొంగిలించినప్పుడు యశోద కర్ర పట్టుకుని వెంటపడింది కదా, తాడుతో కట్టింది కూడా. కానీ బిడ్డ భయపడ్డాడని తెలియగానే ముందు చేతిలో కర్ర కింద పారేసింది, కట్టడం ఆ తర్వాత. కార్తీకమంతా దీపాలు పెట్టి ఆ లీలే పాడుకుంటాం, ఆ కర్ర పారేసిన చోటు మాత్రం ఎవరికీ కనపడదు. ఇక ప్రహ్లాదుడు, ఆయనకి భక్తి అబ్బింది తల్లి కడుపులో ఉండగా విన్న మాటల వల్ల. గురుకులంలో వేసింది హిరణ్యకశిపుడు.

రథం తాడు:
బాగా కొట్టారు దెబ్బ, ఒప్పుకున్నాను. కానీ నా మాట కూడా వినండి. మా పిల్లలు చదివిన చోటికి మేం ఇల్లు మార్చుకుని వెళ్ళాం, కాలినడకన పది నిమిషాలు. రాత్రి ఇంటికొచ్చి మా దగ్గరే పడుకునేవాళ్ళు. అది ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. అంత దూరం, ఏడాదికి రెండుసార్లు అంటే నేనూ పంపేవాణ్ణి కాదేమో.

మియాపూర్ అమ్మ:
అందరికీ ప్రణామాలు. నిన్న రాత్రి గోదారి గట్టు తమ్ముడు రాసింది మా వారికి చదివి వినిపించాను. ఏం అనలేదు. పొద్దున్న ఆయనే వాళ్ళకి ఫోన్ చేసి, పిల్లలు ఇంటికి మాట్లాడేటప్పుడు పక్కన ఎవరుంటారు ప్రభూజీ అని అడిగారు. "టీచర్ ఉంటారండీ, పిల్లలు ఏడిస్తే తల్లులు తట్టుకోలేరు కదా" అన్నారట. స్పీకర్‌లో నేనూ విన్నాను, ఆయన గొంతులో చెడు ఏమీ లేదు, నిజంగానే మా మంచికే అనుకుంటున్నట్టుంది. అడ్వాన్సు కట్టడానికి పదిహేనో తేదీ దాకా టైముంది. ఈయన ఆ మాట ఇంకా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.