గ్రంథపు చుట్టా, పుస్తకపు చుట్టా?

మరిచిన పాదం: బైబిల్లోని ఎస్తేరు గ్రంథాన్ని యూదులు చుట్టి పెట్టుకునే పాత వెండి గొట్టం ఫొటో ఒకటి చూశాను. ఒట్టోమాన్ కాలపు పని. మన కరీంనగర్ వెండితీగె పనిలాగే సన్నగా అల్లిన జాలీ, నెత్తిన బుల్లి కిరీటం, పక్కనున్న సందులోంచి చర్మపు కాగితాన్ని బయటికి లాగడానికి నాలుకలాంటి రేకు. అప్పట్నుంచి బైబిలు మాట ఒకటి నోట్లో నానుతోంది, "...చుట్టలో నన్నుగూర్చి వ్రాయబడిన ప్రకారము". ముందున్నది గ్రంథపు అనా, పుస్తకపు అనా? ఇంతకీ చుట్ట అంటే లోపలి చర్మమా, పై గొట్టమా?

రెండో బెంచీ: రెండూ ఉన్నాయి. కీర్తన 40:7లో పుస్తకపు, హెబ్రీయులకు 10:7లో గ్రంథపు. ఆదివారం బడిలో కంఠతా పట్టినవాళ్లని అడగాల్సిన ప్రశ్నేనా ఇది :)

చుట్టకుదురు: గొడవ చుట్ట దగ్గర కదండీ. కీర్తన హీబ్రూలో ఉన్న మాట మెగిల్లా. గలల్ అంటే దొర్లించడం, దాన్నుంచి వచ్చింది. అంటే చర్మమే. చాపచుట్ట అంటే చాపే, దానికి కట్టిన తాడు కాదు.

పాత లైబ్రరీ: అంత తొందరగా తేల్చేయకండి మాస్టారూ. కీర్తనని గ్రీకులోకి తెచ్చినవాళ్లు అక్కడ కెఫాలిస్ అని వేశారు, చిన్న తల అని. చుట్టకర్ర చివరి గుబ్బ అని దానికో వివరణ ఉంది. లాటిన్ కీర్తనల్లో అది ఏకంగా "పుస్తకం తలలో" అయిపోయింది. హెబ్రీయుల పత్రిక ఎత్తుకున్నది ఆ గ్రీకు మాటనే. అంటే మీ పుస్తకపు చుట్ట వెనక చర్మం, గ్రంథపు చుట్ట వెనక గుబ్బ. మనవాళ్లు రెండింటికీ చుట్టే వేశారు.

పొగరాయుడు: చుట్ట అంటే నాకు గిరీశమే. ఖగపతి యమృతము తేగా...

రెండో బెంచీ: ఆ పద్యంలో ఉన్నది పొగచెట్టు. చుట్ట లేదు, మళ్లీ చూసుకోండి.

పొగరాయుడు: చెట్టు లేకుండా చుట్ట ఎక్కణ్ణుంచి వస్తుందండీ?

పాత లైబ్రరీ: గొట్టానికి మన దగ్గర సంపుటం ఉంది. మూతపెట్టె అనే అసలు అర్థం. ఇప్పుడు కథాసంపుటి అంటూ పెట్టె పేరు లోపలి సరుక్కి పెట్టేశాం.

చుట్టకుదురు: యూదుల తోరా, అంటే మోషే ఐదు గ్రంథాల చుట్ట, దాన్ని పెట్టే పెట్టెని తిక్ అంటారు. గ్రీకు థేకే నుంచి వచ్చింది, లైబ్రరీకి మాటైన బిబ్లియోథెక్‌లో ఉన్నదే. యూరప్‌లో తోరాకి గుడ్డ తొడుగు వేస్తే, బాగ్దాదు వాళ్లూ కొచ్చి వాళ్లూ కర్రతోనో వెండితోనో చేసిన నిలువు పెట్టెలో పెడతారు.

పొగరాయుడు: తిక్ అనగానే తిక్కన సోమయాజి కళ్లముందు నిలబడ్డాడు. పదిహేను పర్వాలు చుట్టితే ఎంత పెట్టె కావాలో!

రెండో బెంచీ: తాటాకుని చుట్టరు, చిల్లు పొడిచి తాడు గుచ్చి కట్టగా కడతారు. చుట్టేది మన చేర్యాల పటం, కథ చెబుతూ విప్పుకుంటూ పోతారు. ఎస్తేరుకీ అంచుల నిండా బొమ్మలుంటాయి. 17వ శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో సాలొమ్ ఇటాలియా అనే కళాకారుడు రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన అంచుల మధ్య అసలు పాఠాన్ని మాత్రం చేత్తోనే రాసేవారు. తోరాలో అయితే బొమ్మలు వేయనివ్వరు. ఎస్తేరులో దేవుడి పేరు ఒక్కచోటా రాదు, అందుకే ఈ వెసులుబాటు అంటారు.

మరిచిన పాదం: ఇంకో తమాషా. ఎస్తేరు గ్రంథానికి పేరేమో మెగిల్లా, అంటే చుట్ట, యూదుల పూరీం పండగ రోజున చదివేటప్పుడు మాత్రం దాన్ని ఉత్తరంలా మడతలు పెట్టే ఆచారం ఉంది. ఆ పుస్తకం తనని తాను ఉత్తరం అనే చెప్పుకుంటుంది కదా. మరి మడతపెట్టినదాన్ని చుట్ట అనొచ్చా?

చుట్టకుదురు: విప్పినా చాపచుట్ట చాపే అన్నానుగా.

పాత లైబ్రరీ: విప్పాక చుట్ట ఎక్కడుందండీ, చాపే మిగిలింది! గుబ్బ సంగతికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

రెండో బెంచీ: అది సరే, పుస్తకపుచుట్ట అని కలిపి రాయాలా, విడదీసి రాయాలా? మా అమ్మమ్మ బైబిల్లో కలిపే ఉంది. కింద పెన్సిల్‌తో గీత కూడా గీసుకుంది.