గేదె నాలుకతో మెక్సికన్ లెంగ్వా: కుక్కర్‌లో ఎంతసేపు, మిరపకాయలు ఏవి?

పాలకొల్లు_వంటిల్లు

అందరికీ నమస్కారమండి. ఆదివారానికి గేదె నాలుక ఒకటి చెప్పి ఉంచాను. 1.3 కిలోలు ఉంటుందన్నారు, తొక్కతోనే ఇస్తారు. ఎప్పుడూ చేసే ఇగురు కాకుండా మెక్సికో వాళ్లు ఎర్ర సల్సాలో, అంటే ఎండుమిరపకాయలు రుబ్బిన ముద్దలో, చేసే లెంగ్వా (నాలుక కూర) చేయాలనుంది. ఆరుగురం తింటాం.

అక్కడి పద్ధతుల్లో మూడు గంటలు సన్నసెగ మీద ఉడికించమంటున్నారు. నా దగ్గర 5 లీటర్ల కుక్కరుంది, అందులో ఎంతసేపు పెట్టాలి? తలకాయ కూరకి చేసినట్టు ముందే మరిగే నీళ్లు పోసి తొక్క గీకేయొచ్చా, ఉడికాక తీయాలా? గ్వాహీయో, ఆంచో అనే ఎండుమిరపకాయలు వేయమంటున్నారు, అవి ఇక్కడ దొరకవు. గుంటూరు మిరపకాయలతో సరిపెట్టొచ్చా? పులుపుకి చింతపండు వేస్తే పాడవుతుందా? తెలిసినవాళ్లు కొలతలతో చెప్పండి.

వశిష్ట_గట్టు

నాలుక సంగతి నేను చెప్తానండి, సల్సా సంగతి మిగతావాళ్లు చెప్తారు. ఈ రెండూ చివరి అరగంట దాకా కలవకూడదు. మనకి అలవాటైన పద్ధతిలో పచ్చిమాంసానికి ఉప్పూకారం పట్టించి మసాలాలోనే ఉడికిస్తాం. నాలుకకి అది కుదరదు, మధ్యలో తొక్క తీయాలి కాబట్టి.

పచ్చి నాలుక మీద మరిగే నీళ్లు పోసి గీకితే పైన గరుకు పొర ఒక్కటే ఊడుతుంది. దాని కింద ఉన్న మందపు తొక్క కండని పట్టుకునే ఉంటుంది. గేదె నాలుకకి ఆ తొక్క నల్లమచ్చలతో ఇంకా దళసరిగా ఉంటుంది. కత్తితో చెక్కబోతే కండ కూడా పోతుంది. ఉడికాకే తీయండి.

కొనేటప్పుడు నాలుక మీద పుండ్లు, బొబ్బలు, చీముమచ్చలు ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే తీసుకోవద్దు. ఇంటికొచ్చాక మొదటి వైపు, అంటే గొంతు వైపు, వేలాడే కొవ్వు, గ్రంథులు, చిన్న ఎముక ఏమైనా ఉంటే కోసి తీసేయండి. రెండు గుప్పెళ్ల కల్లుప్పుతో గట్టిగా రుద్ది కడిగి, చన్నీళ్లలో గంటసేపు నానబెట్టండి. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి.

తర్వాత పెద్ద గిన్నెలో నీళ్లు పోసి 10 నిమిషాలు తెర్లించి, ఆ నీళ్లు పారబోసేయండి. పైకి తేలే నురగ, వాసన దాంతోనే పోతాయి. ఇప్పుడు నాలుకని కుక్కర్‌లో పెట్టి, ఒక ఉల్లిపాయ సగాలు చేసి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు బిరియానీ ఆకులు, పది మిరియాలు, రెండు టీస్పూన్ల ఉప్పు వేసి 2 లీటర్ల నీళ్లు పోయండి. కుక్కర్ మూడింట రెండు వంతులకి మించి నిండకూడదు. అల్లం, పసుపు, గరం మసాలా వద్దు. ఈ నీళ్లే తర్వాత సల్సాలోకి వెళ్తాయి, అల్లం పడితే మెక్సికన్ రుచి అక్కడే పోతుంది.

విజిళ్లు లెక్కపెట్టకండి. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి గడియారం చూసుకుని 60 నిమిషాలు. ఆవిరి దానంతటదే దిగనివ్వాలి. మూత తీశాక సన్నటి చాకు మొదటి భాగంలో, మందంగా ఉన్నచోట గుచ్చి చూడండి. కొన ముందే ఉడికిపోతుంది, అక్కడ చూసి మోసపోవద్దు. చాకు అడ్డు లేకుండా దిగాలి. లేకపోతే మళ్లీ 15 నిమిషాలు చొప్పున పెట్టుకుంటూ పోవడమే. 90 నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు.

అంత సమయం ఎందుకంటే, మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవులనీ దూడలనీ కోయడం నిషేధం. గేదైనా దున్నైనా పాడికీ పనికీ ఈతకీ ఇక పనికిరాదని ధ్రువపత్రం వస్తేనే కోయాలి. కాబట్టి మనకి వచ్చే నాలుక ముదురు పశువుది. మెక్సికోలో రాసిన సమయాలు మాంసానికని పెంచిన లేత పశువులకి రాసినవి. ముదురు కండలో ఉండే గట్టి పీచు కరిగి జిగురుగా మారడానికి వేడి కన్నా సమయం ఎక్కువ కావాలి. పెద్దమంట పెట్టి తొందరపెడితే బయట ఎండుతుంది, లోపల సాగుతుంది.

తొక్క వేడి మీదే తీయాలి. బయటికి తీసి ఒక నిమిషం చన్నీళ్లలో ముంచి, కింది వైపు పొడవునా చాకుతో ఒక గాటు పెట్టి, మొదటి నుంచి కొన వైపు లాగండి. పై తొక్క మొత్తం ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. కింది వైపు పలుచటి పొర మాత్రం చాకుతో గీకాలి. తొక్క ముక్కలుముక్కలుగా చిరుగుతోందంటే ఉడక్కపోయినా ఉండాలి, చల్లారిపోయినా ఉండాలి. చల్లారితే జిగురు గడ్డకట్టి పట్టేస్తుంది. వేడి రసంలో ఐదు నిమిషాలు వేసి మళ్లీ లాగండి.

తొక్క తీసిన నాలుకని వెంటనే కోయకండి, చెదిరిపోతుంది. వడకట్టిన రసంలోనే వేసి గోరువెచ్చగా అయ్యాక, పీచుకి అడ్డంగా వేలు మందాన ముక్కలు కోయండి. 1.3 కిలోల నాలుక తొక్క, కొవ్వు పోగా సగం పైనే మిగులుతుంది. ఆరుగురికి చాలు.

లంకపొలం

పైన చెప్పినదంతా సరిగ్గా ఉందండి. ఇక సల్సా.

గుంటూరు మిరపకాయలు ఒక్కటే వేస్తే పని జరగదు. గ్వాహీయో, ఆంచో రెండూ ఘాటు తక్కువ, రంగు, గుజ్జు ఎక్కువ ఉన్న కాయలు. ఆ కూరలో వాటిని గుప్పెళ్లతో వేస్తారు. గుంటూరు కాయలు అన్నేస్తే నోట పెట్టలేం, తక్కువ వేస్తే చారులా ఉంటుంది. బ్యాడిగి మిరపకాయలు తెచ్చుకోండి. ముడతలు పడి, ముదురు ఎరుపులో ఉంటాయి. రాజమండ్రి, భీమవరం పెద్ద కిరాణా కొట్లలో అడిగితే ఇస్తారు. మీ నాలుకకి 40 గ్రాముల బ్యాడిగి, ఘాటుకి మూడో నాలుగో గుంటూరు కాయలు. ఆంచోలో ఉండే తీపి కోసం పది కిస్మిస్‌లు. బ్యాడిగి తోలు పలచన కాబట్టి చిక్కదనం తగ్గుతుంది, దానికి ఒక టేబుల్‌స్పూన్ వేయించిన నువ్వులు. ఇవి నా సొంత పైత్యం కాదండి, మెక్సికో వాళ్లు కూడా సల్సాల్లో కిస్మిస్, నువ్వులు వేస్తారు.

కాయల తొడిమలు తీసి, చీల్చి గింజలు దులిపేయండి. పొడి పెనం సన్నసెగ మీద పెట్టి, కాయల్ని గరిటెతో నొక్కుతూ ఒక్కో వైపు 15, 20 సెకన్లు మాత్రమే వేపండి. వాసన రాగానే తీసేయాలి. నల్లబడిన కాయ ఒక్కటున్నా పక్కన పెట్టేయండి. ఆ చేదు తర్వాత పంచదారతోనూ పోదు, నిమ్మకాయతోనూ పోదు. పచ్చడి మిరపకాయల్లా నూనెలో ఎర్రగా వేయించొద్దు. వేపిన కాయల్ని వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లు రుచి చూడండి. చేదుగా ఉంటే పారబోసి నాలుక ఉడికిన రసం వాడుకోండి.

అదే పెనం మీద 400 గ్రాముల పండు టమాటాలు, అర ఉల్లిపాయ, తొక్కతోనే ఐదు వెల్లుల్లి రెబ్బలు అక్కడక్కడా నల్లమచ్చలు పడేదాకా కాల్చండి. టమాటాకి ఆ మచ్చలు మంచివే, చేదెక్కేది మిరపకాయ. వెల్లుల్లి తొక్క తీసి, అన్నీ కలిపి, పావు టీస్పూన్ జీలకర్ర, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క, కిస్మిస్, నువ్వులతో మిక్సీలో మెత్తగా రుబ్బండి. రుబ్బాక జల్లెడలో వడకట్టాలి. బద్ధకించి ఈ పని మానేస్తే మిరప తోలు పంటికి తగులుతుంది.

ఇప్పుడు అసలు పని. మందపాటి మూకుడులో మూడు టేబుల్‌స్పూన్ల నూనె బాగా కాగాక సల్సా ఒక్కసారిగా పోయండి. చిమ్ముతుంది, మూత దగ్గర పెట్టుకోండి. కలుపుతూ 10 నిమిషాలు వేయించాలి. రంగు ఎరుపు నుంచి ఇటుక రంగుకి తిరిగి, అంచుల్లో నూనె తేలాలి. మనం ఇగురుకి చూసే గుర్తే ఇది. పచ్చివాసన పోకుండా రసం పోసేస్తే ఎంతసేపు మరిగించినా ఆ వాసన పోదు.

అప్పుడు రెండు కప్పుల నాలుక రసం పోసి, ముక్కలు వేసి, మూత ఓరగా పెట్టి సన్నసెగ మీద 25 నిమిషాలు. రసంలో ఉప్పు ఉంది కాబట్టి ఉప్పు చివర్లో చూసి వేయండి. ఒరేగానో అర టీస్పూన్ చాలు. మెక్సికోది వేరే మొక్క, పిజ్జా పొట్లంలో వచ్చేది మధ్యధరా సముద్రం వైపుది. అదీ లేకపోతే మన పెరట్లో బజ్జీలకి కోసే వామాకు రెండు ఆకులు తరిగి వేయండి. కరీబియన్ దీవుల్లో ఆ ఆకునే ఒరేగానో అని వంటల్లో వాడతారు.

కొబ్బరాకు

చింతపండు గురించి ఎవరూ చెప్పలేదు. మెక్సికోలో చింతపండు బాగా వాడతారు, కానీ మిఠాయిల్లో, చల్లటి పానీయాల్లో ఎక్కువ. ఈ సల్సాకి పులుపు టమాటా నుంచే రావాలి. చాలకపోతే దించే ముందు ఒక టేబుల్‌స్పూన్ వెనిగర్ వేయండి. చింతపండు పడిందంటే అది పులుసే.

వశిష్ట_గట్టు గారితో ఒక్క విషయంలో నాకు పేచీ ఉందండి. మొదటి నీళ్లు పారబోయడం అన్నివేళలా అక్కర్లేదు. ఆ పూట కోసిన నాలుకైతే, ఉప్పుతో రుద్ది నానబెట్టాక వాసనేమీ ఉండదు. పారబోస్తే రసం బలం కొంత పోతుంది. వాసన చూసి నిర్ణయించుకోండి. ఫ్రీజర్‌లో పెట్టినదైతే మాత్రం ఆయన చెప్పినట్టే చేయాలి.

పెద్దమాంసం తినని ఇళ్లలో మేక నాలుకలతోనూ చేయొచ్చు. ఒక్కోటి చిన్నది కాబట్టి ఆరుగురికి పది పైనే కావాలి, తలకాయలు కొట్టే దుకాణంలో ముందురోజే చెప్పాలి. కుక్కర్‌లో సిమ్ మీద 25 నిమిషాలు. తొక్క పలచన, గోటితోనే వచ్చేస్తుంది. అడ్డంగా కాకుండా పొడవునా రెండు బద్దలు చేస్తే చాలు.

పాలకొల్లు_వంటిల్లు

చాలా సంతోషమండి, అన్నీ రాసుకున్నాను. ఇంకో రెండు. ఆకుపచ్చ సల్సాతో కూడా చేస్తారట కదా, దానికి కావాల్సిన టొమాటియో అనే ఆకుపచ్చ పుల్లకాయల బదులు పచ్చి టమాటాలు పనికొస్తాయా? ఇంకోటి, మొక్కజొన్న పిండితో టోర్టియాలు చేద్దామంటే రొట్టె విరిగిపోతోంది.

యానాం_రేవు

పచ్చి టమాటాలు పనికొస్తాయండి, కాకపోతే గట్టిగా, పుల్లగా ఉన్నవి చూసుకోవాలి. టొమాటియో ఉడికితే దానంతటదే చిక్కబడుతుంది, పచ్చి టమాటా నీరు వదులుతుంది. అరకిలో కాయల్ని నీళ్లలో వేయకుండా పెనం మీదే కాల్చండి. ఐదు పచ్చిమిరపకాయలు, మూడు వెల్లుల్లి రెబ్బలు, అర ఉల్లిపాయ కూడా కాల్చి, గుప్పెడు కొత్తిమీర కాడలతో సహా వేసి కచ్చాపచ్చాగా రుబ్బండి. నూనెలో వేయించి, రసం ఒక కప్పే పోయండి. నిమ్మరసం దించాక. కొత్తిమీర ఎక్కువసేపు మరిగితే రంగు చచ్చిపోతుంది కాబట్టి ఇందులో ముక్కలు 15 నిమిషాలకి మించి ఉంచొద్దు. గోంగూర వేద్దామని ఎవరైనా అంటారు. గోంగూర వేస్తే గోంగూర మాంసమే అవుతుంది, అది వేరే గొప్ప కూర.

చేలల్లో కాగితం తొడుగులాంటి దానిలో కాసే చిన్న బుడ్డకాయలు టొమాటియోకి చుట్టాలే అనుకుని పచ్చివి కోసి వేయొద్దు. ఆ జాతిలో కొన్నిటి పచ్చికాయలు కడుపుకి పడవు.

టోర్టియా విరగడానికి కారణం పిండి మీరు కలిపిన తీరు కాదు. మామూలు మొక్కజొన్న పిండికి సాగే గుణం లేదు. మెక్సికోలో గింజల్ని సున్నం నీళ్లలో ఉడికించి నానబెట్టి రుబ్బుతారు, ఆ సున్నంతోనే పైపొట్టు ఊడి పిండికి జిగురొస్తుంది. కిలో ఎండు గింజలకి 3 లీటర్ల నీళ్లు, 10 గ్రాముల తినే సున్నం. తాంబూలానికి వాడేది, సువాసనలు కలపనిది తీసుకోండి. గోడలకి వేసేది ముట్టుకోవద్దు. అల్యూమినియం గిన్నె కూడా వద్దు, స్టీలులో ఉడికించండి. అరగంట సన్నసెగ మీద ఉడికించి రాత్రంతా ఉంచి, పొద్దున పొట్టు రుద్ది కడిగి, వెట్ గ్రైండర్‌లో వీలైనంత తక్కువ నీళ్లతో గట్టిగా రుబ్బాలి. ఆదివారానికి అంత తీరిక లేకపోతే వేడన్నంలో వడ్డించేయండి. మెక్సికోలో కూడా దీని పక్కన అన్నం పెడతారు, చిన్నబోనక్కర్లేదు.

లంకపొలం

ఒక్క మాట మరిచాను. కుదిరితే శనివారం సాయంత్రమే నాలుక ఉడికించి, తొక్క తీసి, రసంలో ముంచే ఫ్రిజ్‌లో పెట్టండి. రసంలో ముంచకుండా పెడితే ముక్క ఆరిపోయి అంచులు నల్లబడతాయి. చల్లటి నాలుక ముక్కలు అందంగా తెగుతాయి, పైన గడ్డకట్టిన కొవ్వు కూడా చెంచాతో తీసేయొచ్చు. ఆదివారం సల్సా చేసి అందులో వేడిచేయడమే. మిగిలితే మర్నాడు చిన్న ముక్కలుగా కోసి, పెనం మీద కొంచెం నూనెతో అంచులు కరకరలాడేలా వేపి, పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయతో తినండి.