పులికాట్‌లో రొయ్య పిల్లల రాకను మత్స్యకారులే నమోదు చేసుకోవడం ఎలా?

తిరుపతిలో జంతుశాస్త్రం పీజీ చదువుతున్న నేను, తడ వైపు పులికాట్ సరస్సు మత్స్యకారులు తమకు తాము పెట్టుకోదలచిన వేట కట్టుబాట్ల ముసాయిదాకు సాయపడుతున్నాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలకు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. అయితే సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు ముఖద్వారాల గుండా సరస్సులోకి వచ్చి, ఇక్కడ పెరిగి, తిరిగి సముద్రానికి చేరతాయి కాబట్టి, అక్కడ పడవలు ఆగినంత మాత్రాన ఇక్కడి సన్నకన్ను వలల నుంచి వాటికి రక్షణ దొరకదు. అలాంటి ముఖద్వారమైన రాయదొరువు వద్ద ఇసుక మేట వేస్తే ఆ దారిన రాకపోకలే నిలిచిపోతాయి. నా ఉద్దేశంలో ఇక్కడ తేదీలకన్నా వల కన్నే ముఖ్యం. (పూట గడవడమే కష్టమైన కుటుంబాలకు మరో నిషేధం సూచించే మనసు కూడా నాకు లేదు.)

చిలికా వంటి ఉప్పునీటి సరస్సులలో పనిచేసినవారు దయచేసి తెలియజేయగలరు: పిల్లల రాక ఏ నెలల్లో ఎక్కువో తెలుసుకోవడానికి, పోటు సమయంలో ఒకే చోట ఒకే వలతో వారానికోసారి తీసే నమూనా, దానితోపాటు చేతి రిఫ్రాక్టోమీటరుతో కొలిచే లవణీయత సరిపోతాయా? కన్ను పెంచిన తొలి సీజన్‌లో తగ్గే పట్టుబడిని మీ ప్రాంతంవారు ఎలా తట్టుకున్నారు?