‘మానేశాను’, ‘మానేయాల్సి వచ్చింది’: ఏజెన్సీకి తెలుగు మాట ఏది?

సమాజశాస్త్రం తెలుగులో రాసేవాళ్ళని ఒక మాట గురించి అడగాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఇంగ్లిష్‌లో ‘ఏజెన్సీ’, ‘స్ట్రక్చర్’ అని రెండు మాటలు జంటగా వాడతారు. మనిషి తనంతట తానుగా చేసేదెంత, తను పుట్టకముందే ఉన్న వర్గం, చట్టం, ఆచారం, ఆడామగా తేడాలు తనచేత చేయించేదెంత అన్నది ఆ శాస్త్రంలో ఎడతెగని వాదం. రెండో మాటకి ‘నిర్మాణం’ అని చాలామంది రాస్తున్నారు. మొదటిదానికే ఒక్కొక్కరూ ఒక్కో మాట వాడుతున్నారు: స్వేచ్ఛ, చొరవ, క్రియాశీలత, స్వయంనిర్ణయ శక్తి. పోనీ ‘ఏజెన్సీ’ అనే ఉంచేద్దామంటే మన పాఠకుడికి ముందు మన్యం గుర్తొస్తుంది.

నా ఓటు ‘కర్తృత్వం’కి. ఎందుకో చెప్తాను.

ఒక అధ్యయనం కోసం రికార్డు చేసిన సంభాషణలు ఇంగ్లిష్‌లో పెట్టే పని ఆమధ్య నా చేతికి వచ్చింది. ఒకావిడ చదువు గురించి మొదట “నేనే మానేశానండి” అంది. కాసేపయ్యాక అదే విషయం మళ్ళీ వస్తే “మానేయాల్సి వచ్చింది” అంది. చివర్లో, గొంతు తగ్గించి, “మాన్పించారు” అంది. నేను ముగ్గురు మనుషులకి సరిపోయే మూడు వాక్యాలనీ ఒక్క ‘డ్రాపౌట్’లోకి నెట్టేశాను. పని అప్పగించాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ మూడు క్రియల్నీ దగ్గర పెట్టుకుని చూడండి. ‘మానేశాను’లో చివరి ‘ను’ నాది. నేను లేకపోతే ఆ క్రియ లేదు. ‘మాన్పించారు’ ప్రేరణార్థకం. అక్కడ చేయించినవాళ్ళున్నారు, కానీ ఎవరో వాక్యంలో లేదు. ‘వాళ్ళు’ అని కూడా అనక్కర్లేదు, ఆ ‘రు’ చాలు. ఇంట్లోవాళ్ళు కావచ్చు, ఊరంతా కావచ్చు. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది మధ్యది. “నేను మానేయాల్సి వచ్చింది” అంటాం. ‘నేను’ కర్త స్థానంలోనే కూర్చుని ఉంది, క్రియ మాత్రం ‘వచ్చాను’ కాలేదు, ‘వచ్చింది’ అయింది. ఏం వచ్చింది? దానికి పేరు లేదు. మనిషి ఉంది, చేసిన పనీ ఉంది, ఆ రెంటినీ కలిపే క్రియ మాత్రం ఆ మనిషికి లోబడలేదు. నిర్మాణం అంటే ఏమిటో విద్యార్థికి చెప్పాలంటే నేను ఈ ‘వచ్చింది’ దగ్గరే మొదలుపెడతాను.

పాణిని ‘స్వతంత్రః కర్తా’ అన్నాడు. పనిలో స్వతంత్రంగా ఉన్నదే కర్త. ఆ వెంటనే వచ్చే సూత్రం ‘తత్ప్రయోజకో హేతుశ్చ’. ఆ కర్తని పురికొల్పేదాన్ని హేతువు అనీ అనొచ్చు, కర్త అనీ అనొచ్చు. ఒకరు చేయించారని చేసినవాడి కర్తృత్వం ఎగిరిపోదు. ఈ వాదానికి కావలసిన చోటు ఆ మాటలో ముందే ఉంది.

ఇదే సంప్రదాయంలో ఇంకో మాట ఉంది: ‘వివక్షాతః కారకాణి భవంతి’. దేన్ని కర్తగా నిలబెట్టాలన్నది చెప్పేవాడి ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. వండేది మనిషే అయినా ‘కుండ వండుతోంది’ అనొచ్చు. వివక్ష అంటే అక్కడ చెప్పాలన్న కోరిక. అదే మాట ఇవాళ మనకి మనుషుల మధ్య తేడా చూపడం అయింది. ఆవిడ మూడుసార్లు మూడు రకాలుగా చెప్పడం తలుచుకున్నప్పుడల్లా నాకు రెండర్థాలూ ఒకేసారి తోస్తాయి.

*జవాబు:* కర్తృత్వం అంటే ఫలానా కావ్యం ఎవరు రాశారన్న చర్చే కదండీ గుర్తొచ్చేది? స్వేచ్ఛ అంటే అందరికీ తెలుస్తుంది. మాట కష్టమైతే విద్యార్థి అక్కడే ఆగిపోతాడు.

*నా సమాధానం:* మీ భయం నాకూ ఉంది. కానీ స్వేచ్ఛ అనేది ఒకరికి ఉండే స్థితి, లేదా లేని స్థితి. బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త ఆంథొనీ గిడెన్స్ ఏజెన్సీని అలా చూడలేదు. మరోలా చేయగలిగి ఉండటం ఆయన దృష్టిలో అసలు సంగతి. స్వేచ్ఛ బాగా తక్కువున్న మనిషి కూడా నెమ్మదిగా పని చేయగలడు, వినపడనట్టు నటించగలడు, మాట మార్చగలడు. ‘స్వేచ్ఛ’ అని రాయగానే నిర్మాణం దానికి శత్రువైపోతుంది, పాఠకుడు రెంటిలో ఏదో ఒక పక్షం ఎంచుకుంటాడు.

సమాజశాస్త్రవేత్త పాల్ విల్లిస్ 1977లో ఇంగ్లండ్ కార్మిక కుటుంబాల కుర్రాళ్ళ గురించి రాసినది చూడండి. బడిని వెక్కిరించారు, టీచర్లని లెక్కచేయలేదు, బుద్ధిగా చదివేవాళ్ళని ఎగతాళి చేశారు. అదంతా వాళ్ళు కావాలనే, గర్వంగా చేసింది. చివరికి తండ్రులు చేస్తున్నలాంటి ఒళ్ళు హూనమయ్యే పనులకే చేరారు. అక్కడ ‘మాన్పించారు’ అనడానికి ఎవరూ లేరు, ‘మానేశాను’ అన్నది నిజమే. ఆ నిజం గుండానే పాత నిర్మాణం ఇంకో తరానికి నిలబడింది. దీన్ని స్వేచ్ఛ అంటే నాకు నోరు రాదు. కర్తృత్వం అంటే వస్తుంది.

*జవాబు:* మరి స్ట్రక్చర్‌కి ‘చట్రం’ ఇంకా తేలిక కదా? నిర్మాణం అంటే కట్టడాలు గుర్తొస్తాయి.

*నా సమాధానం:* చట్రం బిగించడమే చేస్తుందండి, ఏమీ ఇవ్వదు. ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ 1895లో సామాజిక వాస్తవాలు బయటి నుంచి మనిషిని ఒత్తుతాయన్నాడే, అంతవరకైతే చట్రం సరిపోతుంది. గిడెన్స్ 1984 నాటి పుస్తకానికి చాలదు. నిర్మాణం కట్టేస్తుంది, చేసే శక్తినీ ఇస్తుంది అంటాడాయన. దానికి ఆయన ఇచ్చే ఉదాహరణ భాషే. వ్యాకరణం లేనిదే నేను ఒక్క వాక్యం చెప్పలేను, నేను చెప్పిన ప్రతి వాక్యమూ, అలా చేయాలని అనుకోకపోయినా, ఆ భాషని ఇంకాస్త నిలబెడుతుంది. తెలుగులో ‘నిర్మాణం జరుగుతోంది’ అంటే కట్టే పని, ‘ఈ నిర్మాణం పాతది’ అంటే కట్టిన వస్తువు. ఒకే మాట రెంటికీ వస్తుంది. ఇంత చక్కగా అమరిన మాటని వదులుకోవద్దని నా మనవి.

*జవాబు:* అమరిక బాగుంది కానీ గిడెన్స్ మీద సమాజశాస్త్రవేత్త మార్గరెట్ ఆర్చర్ అభ్యంతరం సరిగ్గా ఇక్కడే కదా. కర్తృత్వం, నిర్మాణం రెంటినీ ఒకే నాణేనికి రెండు ముఖాలు చేసేస్తే ఏది ముందో, ఏది తర్వాతో చూడలేం అంటుందావిడ. చదువు మానే పరిస్థితి మీరు చెప్పినావిడ పుట్టకముందే ఉంది. ఆవిడ ఏం చేసినా దాని ఫలితం తర్వాతి కాలంలోనే కనిపిస్తుంది.

*నా సమాధానం:* ఒప్పుకుంటున్నాను. కట్టే పనికీ కట్టిన వస్తువుకీ ఒకే మాట ఉండటం నాకు నచ్చింది కాబట్టి ఆ తేడా మీదుగా దాటేశాను. కాలాన్ని విడదీసి చూపాల్సిన చోట ‘ముందునుంచీ ఉన్న నిర్మాణం’ అని విప్పి రాయడమే మేలేమో. ‘మానేయాల్సి వచ్చింది’లో ఆ ‘వచ్చింది’ కూడా ఎక్కడో బయలుదేరి, దారి నడిచి, ఆవిడ దాకా వచ్చిందే కదా.

అన్నట్టు, ఆ నివేదిక మళ్ళీ అడిగి తీసుకున్నాను. ఆవిడ మాటల్లో ‘డ్రాపౌట్’ కొట్టేసి మూడు చోట్లా మూడు రకాలుగా తిరగరాశాను. చివరి పట్టికలో మాత్రం ‘కారణం’ అని ఒక్కటే గడి ఉంది. అందులో ఒక్క ముక్కే పడుతుంది. ఏం రాయాలో ఎవరికైనా తడితే చెప్పండి, శుక్రవారం పంపాలి.