సముద్రతీర ఇంటి చెట్లకు తుపాన్లకు ముందు కొమ్మలు ఎలా కొట్టించాలి?

ప్రశ్న (నిజాంపేట, హైదరాబాద్ నుంచి)

నేను ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా అమ్మగారు భీమునిపట్నంలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మా పాత ఇంట్లోనే ఉంటున్నారు. ఆవరణలో పెద్ద మామిడి, ఒక వేప, పెరటి గోడ వెంట కొబ్బరి చెట్లు, వీధి గేటు పక్కన తురాయి ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజున మా పనస చెట్టు వేళ్లతో సహా పెకలించుకుని ప్రహరీ మీద పడింది. ఇప్పుడు మామిడి కొమ్మలు డాబా మీదికి వాలి ఉన్నాయి, తురాయి కొమ్మలు కరెంటు తీగలను తాకుతున్నాయి.

ఊళ్లో చెట్లు కొట్టే వ్యక్తి ఒకరు వచ్చి చూసి, అన్నింటికీ తల కొట్టేస్తే చాలా ఏళ్లు బెంగ ఉండదనీ, కలప తనకే వదిలేస్తే కూలి కూడా ఇవ్వనక్కర్లేదనీ అమ్మగారితో చెప్పి వెళ్లారట. ఇక్కడ హైదరాబాద్‌లో తాళ్లు, హెల్మెట్లు, చైన్‌సాలతో వచ్చి పద్ధతిగా పనిచేసే బృందాలు ఉన్నాయి. వారిని అంత దూరం పంపించడం దండగా, అవసరమా? ఏ నెలలో చేయించాలి? ఎంత వరకు తీయించవచ్చు?

జవాబు (సైనిక్‌పురి నుంచి, ఉద్యాన శాఖలో పనిచేసి విరమించాను)

ముందుగా ఒక్క మాట: తల కొట్టించకండి. చెట్టును మోడు చేస్తే గాలికి అడ్డు తగ్గుతుందని అనిపిస్తుంది, ఆ ఏడాదికి అది నిజమే కూడా. కానీ కోసిన మోడు చుట్టూ గుత్తులుగా పుట్టుకొచ్చే చిగుళ్లు మాను లోపలి నుంచి రావు, బెరడు కింది పొరకు మాత్రమే అతుక్కుని ఉంటాయి. మూడు నాలుగేళ్లలో అవే చేయంత లావు కొమ్మలై, కింద మోడు పుచ్చిపోయి ఉండగా, ఒక్క పెద్ద గాలికి గుత్తులు గుత్తులుగా విరిగి పడతాయి. అంటే ఇవాళ ఉచితంగా దొరికిన పనికి తర్వాతి తుపానులో మీ డాబా మూల్యం చెల్లిస్తుంది.

చేయించవలసింది పలుచన చేయడం. ఎండుకొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి, ఇరుకు కోణంలో చీలి పగులు పట్టినవి మొదట తీయాలి. తర్వాత డాబా మీదికి వాలిన పొడవాటి కొమ్మలను మధ్యలో నరకకుండా, కోతచోట ఉన్న కొమ్మ మందంలో కనీసం మూడో వంతు ఉన్న పక్క రెమ్మ దాకా వెనక్కు తేవాలి. ఒక విడతలో పచ్చని ఆకుభాగంలో నాలుగో వంతుకు మించి తీయకూడదు. లోపలి రెమ్మలన్నీ గీకేసి చివరల్లో మాత్రమే ఆకు మిగిల్చే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. చూడటానికి శుభ్రంగా ఉంటుంది కానీ బరువంతా కొసకు చేరి, కొమ్మ ఎక్కువగా ఊగి విరుగుతుంది.

కోత ఎక్కడ పడాలన్నది మీ అమ్మగారు కింద నిలబడి కూడా గమనించగలరు. కొమ్మ మాను నుంచి పుట్టేచోట మెడలాగా కొద్దిగా ఉబ్బి, పైభాగాన బెరడు ముడత పడి ఉంటుంది. కోత ఆ ఉబ్బుకు వెలుపల పడాలి. మానుకు సమంగా చెక్కేస్తే గాయం పెద్దదై పూడదు, జానెడు మోడు వదిలేస్తే అది పుచ్చి లోపలికి పాకుతుంది. బరువైన కొమ్మకు మూడు కోతలు కావాలి: మానుకు అడుగు దూరంలో కింది నుంచి కొంత, దానికి కాస్త అవతల పై నుంచి పూర్తిగా, చివరగా మిగిలిన మోడును మెడ దగ్గర. మొదటి కోత లేకుండా పై నుంచే రంపం పెడితే కొమ్మ పడుతూ పడుతూ మాను బెరడును కింది దాకా చీల్చుకుపోతుంది.

నెల విషయానికి వస్తే, మామిడికి కాయ కోత అయిన వెంటనే, జూన్ చివర నుంచి జూలై లోపల చేయించండి. కోస్తాకు పెద్ద తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి కాబట్టి, జూలైలో కోస్తే వచ్చే కొత్త చిగురు ఆ సమయానికి ముదురుతుంది. సెప్టెంబరు చివర కోయిస్తే లేత ఆకు మీద ఉప్పుగాలి పడి అంచుల నుంచి మాడిపోతుంది. మరొక సంగతి: తీరంలోని చెట్లు సముద్రం వైపు పొట్టిగా, గుబురుగా, ఇటువైపు చాచుకుని ఒరిగినట్లు పెరుగుతాయి. గుండ్రంగా అందంగా చేయబోయి ఆ గుబురును తీసేయనివ్వకండి, వెనకున్న కొమ్మలకు అదే కవచం.

జవాబు (మల్కాజిగిరి నుంచి)

తురాయి జోలికి వెళ్లే ముందు లైన్‌మన్ చేత కరెంటు ఆపించండి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించినా, సెక్షన్ కార్యాలయంలో స్వయంగా చెప్పినా, సరఫరా ఆపినట్లు వారి నోట విన్న తర్వాతే రంపం ఎత్తాలి. తడి కొమ్మ తీగకు తగిలితే అది పట్టుకున్న మనిషికి కూడా షాక్ కొడుతుంది. ఇక కోసినచోట తారు పూయించండి, మా వీధిలో అందరూ అదే చేస్తారు.

ప్రశ్న వేసినవారు

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. తారు పూయడం సరైనదేనా? తురాయిని ఉంచాలా, తీసేయాలా? కొబ్బరి చెట్లకు మట్టలన్నీ తీసి మొవ్వు మాత్రం వదిలితే గాలికి నిలుస్తాయని ఎవరో అన్నారు, అది నిజమేనా?

జవాబు (ఎల్.బి.నగర్ నుంచి, మాది కోనసీమ)

కొబ్బరి గురించి నేను చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న చెట్టు తలలో ముప్ఫై నుంచి నలభై ఆకులు ఉంటాయి, నెలకు సుమారుగా ఒక్క కొత్త ఆకు మాత్రమే వస్తుంది. ఒక్క పూటలో ఇరవై మట్టలు నరికితే చెట్టు వాటిని తిరిగి కట్టుకోవడానికి ఏడాదిన్నర పైగా పడుతుంది, ఈలోగా గెలలు రాలతాయి. పైగా మొవ్వుకు చుట్టూ ఆసరాగా ఉన్న ఆకులు పోతే తుపాను గాలికి మెలిపడి విరిగేది ఆ మొవ్వే, అది విరిగితే చెట్టు ఇక బతకదు. పచ్చి గాయాల వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. కనుక ఎండి వేలాడే మట్టలు, డొక్కలు మాత్రమే తీయించండి. నేలకు సమాంతరంగా ఉన్న మట్టకు పైన ఏదీ ముట్టుకోవద్దు.

దానికంటే ముఖ్యమైనది దింపు. తుపాను హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా, సెప్టెంబరు చివరిలోనే ముదురు కాయలు, బొండాలు దింపించేయండి. తల బరువు తగ్గుతుంది, గాలిలో కాయలు ఎగిరి కిటికీలకు తగిలే ప్రమాదమూ తప్పుతుంది. ఇందుకు హైదరాబాద్ బృందం అక్కర్లేదు. మోకు వేసి ఎక్కే దింపు కార్మికుడికి ఉన్న నేర్పు ఇక్కడి వారికి ఉండదు.

జవాబు (సైనిక్‌పురి)

పై మిత్రులు కొబ్బరి గురించి రాసినది అక్షరాలా నిజం. తారు మాత్రం వద్దు. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, చుట్టూ కొత్త కణజాలం పెంచి దాన్ని లోపలే మూసేస్తుంది. తారు కింద తేమ నిలిచి కుళ్లు పెరుగుతుంది. మామిడికి, అదీ వాన కాలంలో కోస్తున్నారు గనుక, మైలుతుత్తం, సున్నం ఒక్కొక్కటి 100 గ్రాములు, లీటరు నీటికి కలిపిన బోర్డో పేస్టు పెద్ద కోతలకు పూస్తే చాలు. ఇంజన్ ఆయిల్, పెయింటు వంటివన్నీ అనవసరం.

హైదరాబాద్ నుంచి బృందాన్ని పంపేటట్లయితే ఒక జాగ్రత్త ఉంది. కొన్నేళ్లుగా తెలంగాణలో వేప చెట్ల చివుళ్లను ఎండబెడుతున్న డైబ్యాక్ తెగులును మీరూ వీధుల్లో చూసే ఉంటారు. అదే రంపాన్ని అలాగే మీ వేపకు పెట్టకుండా, పని మొదలుపెట్టే ముందూ, చెట్టుకూ చెట్టుకూ మధ్యా పళ్లను స్పిరిట్‌తో తుడవమనండి.

తురాయి విషయంలో నా అభిప్రాయం కఠినంగా అనిపించవచ్చు. పెళుసు కలప, పైపైన పాకే వేళ్లు. మే నెల ఈదురుగాలులకు హైదరాబాద్ రోడ్ల మీద పడేవాటిలో అదీ ఒకటి. గేటు కట్టేటప్పుడు ఒకవైపు వేళ్లు నరికి ఉంటే కొమ్మలు ఎంత తేలిక చేసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే తడిసిన ఇసుక నేలలో చెట్టును పట్టి ఉంచేవి ఆ పైవేళ్లే. మొదలు దగ్గర నేల పగిలిందా, ఒకవైపు మట్టి లేచిందా, పుట్టగొడుగులు వస్తున్నాయా చూడమనండి. ఒక్కటి కనిపించినా తీసేయించి, ఆ చోట పొన్న గానీ కానుగ గానీ నాటండి. రెండూ ఉప్పుగాలిని తట్టుకుంటాయి. పూర్తిగా నరకడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి కాబట్టి ఆ కాగితం చేతికి వచ్చాకే మనుషులను పిలవండి.

చివరిగా బేరం గురించి. కలప ఇచ్చి కూలి మాఫీ చేయించుకోవడంలో చిక్కు ఏమిటంటే, ఎంత ఎక్కువ నరికితే అతనికి అంత లాభం. అందుకే స్థానికుడినే పెట్టుకున్నా, చెట్టుకు ఇంత అని డబ్బు మాట్లాడి, తీయవలసిన కొమ్మలకు ముందే సున్నం గుర్తు పెట్టించి, కలపకు విడిగా ధర కట్టండి. మామిడి, వేప పనికి తాడు కట్టి కొమ్మను నెమ్మదిగా దించగలిగిన వారు విశాఖలో దొరికితే హైదరాబాద్ నుంచి రప్పించే ఖర్చు మీకు మిగులుతుంది. దొరకకపోతే ఆ రెండు చెట్లకే ఇక్కడి వారిని పంపండి.