విశ్వవిద్యాలయం పరిశోధనలు జిల్లా పేజీల్లోకి ఎలా వస్తాయి?

ప్రశ్న: ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 నాటిది. అలాంటి చోట జరిగే పరిశోధనకు విశాఖ పేజీల్లో చోటు దొరకాలంటే ప్రెస్‌నోట్ ఎలా ఉండాలి? పరీక్ష తేదీలైతే ఎలాగూ వేస్తారు.

డెస్క్‌మిత్ర: మొదటి పేరాలోనే దెబ్బతింటుందండి. వీసీ గారు, రెక్టార్ గారు, ముఖ్య అతిథి అంటూ పేర్లన్నీ అయ్యాక చివర్లో అసలు విషయం రాస్తారు. చోటు చాలకపోతే పత్రిక డెస్క్‌లో, అంటే వార్తలు దిద్దే చోట, కోసేది కింది నుంచే. పరిశోధన ఫలితం, అది మత్స్యకారుడికో రైతుకో ఎలా పనికొస్తుందో మొదటి రెండు వాక్యాల్లో చెప్పండి. 150 పదాలు చాలు.

లేఅవుట్ (పేజీలు పేర్చే విభాగం): పీడీఎఫ్ మాత్రమే పంపకండి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్‌లో టైపు చేసినదైతే కాపీ చేయగానే అక్షరాలు చెదిరిపోతాయి, మళ్లీ టైపు చేసే తీరిక ఎవరికీ ఉండదు. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు సరిగా కనిపించే యూనికోడ్‌లో పెట్టండి. ఫొటోని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాలి, మామూలుగా పంపితే నాణ్యత పోతుంది. ఎడమ నుంచి ఎవరెవరో తప్పక రాయండి.

డెస్క్‌మిత్ర: అన్నట్టు, సాయంత్రం నాలుగు లోపే పంపండి. ఫోన్ ఎత్తే ఆచార్యుడి నంబరూ ఇవ్వండి, సందేహం తీరకపోతే వార్త పక్కకు పోతుంది.